తరిమెన నుండి తెర వరకు: ఏటికొప్పాక నేపథ్యంలో ఆటవస్తువుల విద్యుత్ వినియోగ చరిత్ర

వ్యాససంగ్రహం

ఆటవస్తువు చరిత్రను కళాదృష్టితో, జానపద విజ్ఞాన దృష్టితో పరిశీలించిన రచనలు తెలుగులో ఉన్నాయి. ఆట ఎంత శక్తిని వినియోగిస్తుంది, ఆ శక్తి ఎవరి శ్రమ నుండి, ఏ నది నుండి, ఏ బొగ్గు నుండి వస్తుంది అనే దృష్టితో జరిగిన పరిశీలన అరుదు. లక్కబొమ్మలకు ప్రసిద్ధమైన ఏటికొప్పాకను ఆధారంగా చేసుకొని, తాడు లాగే చేతి తరిమెన నుండి విద్యుత్ మోటారు వరకు, అక్కడి నుండి ఇంటి టెలివిజన్, వీడియోగేమ్ పెట్టెల వరకు శక్తి వినియోగం మారిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బొమ్మను తయారుచేసే విద్యుత్తుకు, బొమ్మతో ఆడుకొనే విద్యుత్తుకు సమాజంలోనూ ప్రభుత్వ నిబంధనలలోనూ లభించిన స్థానాలలోని భేదాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: ఏటికొప్పాక, లక్కపిడతలు, తరిమెన, మాచ్‌ఖండ్, సీలేరు, టెలివిజన్, వీడియోగేమ్, విద్యుత్ శ్లాబు, నక్షత్ర చిహ్నం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘బొమ్మ’ అనే మాట విస్తృతార్థం కలది. పిల్లలు ఆడుకొనే వస్తువు బొమ్మ, గోడమీది చిత్రం బొమ్మ, కొలువులో పేర్చేది బొమ్మ. సినిమా వచ్చిన తరువాత తెరమీద కదిలేది కూడా బొమ్మే అయింది. టూరింగ్ టాకీసులో ఆట మొదలైతే ‘బొమ్మ పడింది’ అన్నారు. టెలివిజన్ కొన్న తొలినాళ్లలో ఏంటెన్నా తిప్పుతూ మేడమీద నిలబడినవారు కిందివారిని అడిగిన ప్రశ్న కూడా ‘బొమ్మ వచ్చిందా’ అనే. కర్రబొమ్మకు, తెరబొమ్మకు భాష వేరే పేర్లు పెట్టలేదు. శక్తి చరిత్రలో మాత్రం ఈ రెంటికీ నడుమ చాలా దూరం ఉంది. కర్రబొమ్మ తయారయ్యేటప్పుడు మాత్రమే శక్తిని కోరుతుంది. తెరబొమ్మ చూస్తున్నంతసేపూ కోరుతుంది. కొన్ని సందర్భాలలో ఎవరూ చూడకపోయినా కోరుతుంది.

ఏటికొప్పాక వరాహానది ఒడ్డున ఉన్న గ్రామం. పూర్వపు విశాఖపట్నం జిల్లాకు చెందినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో అనకాపల్లి జిల్లాలో చేరింది. ఈ గ్రామాన్ని ఎన్నుకోవడానికి బొమ్మల ప్రసిద్ధి ఒక్కటే కారణం కాదు. ఉత్తరాంధ్రకు తొలినాళ్లలో పెద్దయెత్తున విద్యుత్తును ఇచ్చిన మాచ్‌ఖండ్, సీలేరు కేంద్రాలు నర్సీపట్నం మీదుగా సాగే మన్యపు కొండల అవతల ఉన్నాయి. దక్షిణాదిలోని పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాలలో ఒకటైన సింహాద్రి ఇదే జిల్లాలోని పరవాడ వద్ద ఉంది. బొమ్మ పుట్టే చోటు, కరెంటు పుట్టే చోటు ఇంత దగ్గరగా ఉన్న ప్రాంతాలు ఎక్కువ లేవు.

2. తాడు లాగిన చేయి

ఏటికొప్పాక బొమ్మకు ముడిసరుకు అంకుడు కర్ర. మెత్తగా, తెల్లగా, సన్నని పోగుతో ఉండి ఉలికి సులభంగా లొంగే ఈ చెట్టు చుట్టుపక్కల కొండలలో, అడవులలో పెరుగుతుంది. కర్రను ఎండబెట్టి, తరిమెనకు బిగించి, తిప్పుతూ ఉలితో చెక్కి ఆకారం తెస్తారు. ఇది కొండపల్లి పద్ధతికి భిన్నమైనది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను కదలకుండా ఉంచి చెక్కి, భాగాలను అతికి, రంగు పూస్తారు. ఏటికొప్పాకలో కర్ర తిరగాలి. బొంగరం, గిలక్కాయ, కుంకుమభరిణ, లక్కపిడత వంటి గుండ్రని రూపాలన్నీ ఆ తిరుగుడు నుండే పుట్టాయి. రంగు వేయడం కూడా తిరుగుతున్నప్పుడే. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు ఒత్తినప్పుడు రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకొంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కుంచె లేదు, పొయ్యి లేదు. ఆకారానికి కావలసిన కదలికా, రంగుకు కావలసిన వేడీ ఒక్క తరిమెన నుండే లభిస్తాయి.

‘తరిమెన’ నిఘంటువులలో ఉన్న పాత మాట. ‘తరిమెన పట్టు’ అంటే ఆ యంత్రం మీద చెక్కి నునుపు చేయడం. ఇప్పటి వాడుకలో ‘లేతు’ అనే మాట దాని స్థానాన్ని ఆక్రమించింది. పాత చేతి తరిమెనకు ఇద్దరు కావాలి. ఒకరు ఇరుసుకు చుట్టిన తాడును ముందుకూ వెనక్కూ లాగుతారు, మరొకరు ఉలి పడతారు. బొమ్మ మీద ఉలి పట్టినవారి నైపుణ్యం కనిపిస్తుంది. తాడు లాగినవారి శ్రమ కనిపించదు. హస్తకళల గురించి వచ్చే వర్ణనలలో ‘కళాకారుడు’ అనే ఏకవచనం ఈ రెండవ మనిషిని మరుగుపరచింది.

ఆ రెండవ మనిషి ఇచ్చిన శక్తిని నేటి కొలతలలో చెప్పవచ్చు. ఆరోగ్యవంతుడైన మనిషి రోజంతా నిలకడగా చేయగల శారీరక శ్రమను సుమారు 75 వాట్లుగా లెక్కిస్తారు. అంటే ఎనిమిది గంటలు తాడు లాగినవారు రోజు చివరికి 0.6 యూనిట్ పని చేసినట్లు. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల శక్తిని ఒక గంటపాటు వాడడం. నేడు ఇంటి మీటరులో ఒక యూనిట్ తిరగడం ఎవరి దృష్టికీ రాని విషయం. తాడు లాగిన చేతికి అది ఒకటిన్నర రోజుల కూలికి మించిన పని.

విద్యుత్ మోటారు వచ్చి తీసివేసినది ఈ రెండవ మనిషినే. తరిమెనకు అమర్చే చిన్న మోటార్ల సామర్థ్యాన్ని అశ్వశక్తిలో చెబుతారు. అర అశ్వశక్తి అంటే 373 వాట్లు, అనగా ఐదుగురు తాడు లాగేవారి బలం. ఒక్కరు చేసే పనికి ఐదుగురి బలం ఎందుకు అనే సందేహం సహజమే. మోటారు ఆగకుండా ఒకే దిశలో, ఎక్కువ వేగంతో తిరుగుతుంది. చేతి తరిమెనలో ముందుకు లాగినప్పుడు ఒక వైపు, వెనక్కు లాగినప్పుడు మరొక వైపు తిరుగుతుంది కాబట్టి, కత్తి కోసేది సగం కాలమే. అందువల్ల మోటారు కేవలం మనిషికి బదులు కాలేదు, ఉత్పత్తి వేగాన్నే మార్చింది. అయితే నిదానంగా తిరిగే చేతి తరిమెన మీద లభించే అదుపు వేరు అనే వాదం హస్తకళల రంగంలో నేటికీ ఉంది. దానిని పాతకాలపు మమకారంగా కొట్టివేయలేము. వేగం పెరిగితే రాపిడి వేడి పెరుగుతుంది, లక్క కరిగే తీరు మారుతుంది. శక్తి ప్రమాణం మారితే పనితనం కూడా మారుతుందనడానికి ఇది మంచి నిదర్శనం.

3. కొండమీది నీరు, మైదానంలో వెలుగు

ఏటికొప్పాకకు బొమ్మలతోపాటు చక్కెర చరిత్ర కూడా ఉంది. 1933లో ఇక్కడ సహకార పద్ధతిన ఏర్పడిన చక్కెర కర్మాగారం దేశంలోని తొలితరం సహకార చక్కెర కర్మాగారాలలో ఒకటి. చక్కెర మిల్లులు గానుగ నుండి వచ్చిన చెరకు పిప్పినే మండించి ఆవిరిని, ఆవిరితో యంత్రాల కదలికను సాధిస్తాయి. తన ఇంధనాన్ని తానే పండించుకొనే పరిశ్రమ ఇది. పక్కనే బొమ్మల పని మనిషి చేతిమీద నడిచింది. ఒకే కాలంలో ఒకే ఊరిలో రెండు శక్తియుగాలు కలిసి ఉండడం ఇక్కడ గమనించదగినది.

ఉత్తరాంధ్ర పల్లెలకు విద్యుత్తు విస్తరించడానికి ప్రధాన భూమిక మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాల ఉమ్మడి పథకంగా డుడుమ జలపాతం వద్ద నిర్మితమైన ఈ కేంద్రం 1955లో ప్రారంభమైంది. మొత్తం సామర్థ్యం సుమారు 115 మెగావాట్లు. అదే నది దిగువన సీలేరు పేరుతో ప్రవహిస్తుంది. ఎగువ సీలేరులో తొలి యూనిట్లు 1960ల చివర, దిగువ సీలేరులో 460 మెగావాట్ల కేంద్రం 1970లలో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి 1959లో ఏర్పడి ఈ విద్యుత్తును పల్లెలకు చేర్చే బాధ్యత వహించింది. ఏటికొప్పాకకు సమీపంలోని కశింకోట కేంద్రంగా అనకాపల్లి గ్రామీణ విద్యుత్ సహకార సంఘం కూడా పనిచేసింది. సహకార పద్ధతిలో విద్యుత్తును పంపిణీ చేసిన ఇటువంటి సంఘాలు రాష్ట్రంలో కొద్దిగానే ఉండేవి. చక్కెరలో వేళ్లూనుకొన్న సహకార సంప్రదాయం ఈ ప్రాంతంలో కరెంటు దాకా సాగింది.

మాచ్‌ఖండ్ జలాశయం కింద వేలాది గిరిజనుల భూములు మునిగాయి. నీరు వారిది, వెలుగు మైదానానిది అయింది. అంకుడు కర్ర కూడా కొండల నుండి దిగివచ్చినదే. కొండ ఇచ్చిన కర్రను, కొండ ఇచ్చిన కరెంటుతో మైదానంలో బొమ్మగా మలచడం అనే ఈ సంబంధాన్ని ఏటికొప్పాక కళను కీర్తించే రచనలు పట్టించుకోలేదు. కర్ర విషయంలో ‘చెట్లు నాటాలి’ అనే స్పృహ కొంత వచ్చింది. కరెంటు విషయంలో అటువంటి స్పృహ రాలేదు. కరెంటుకు ఊరు, పేరు ఉండవు కదా.

జలవిద్యుత్తుకు ఒక ప్రత్యేకత ఉంది. బొగ్గు కేంద్రాన్ని ఆపి, మళ్లీ నడపడానికి గంటలు పడుతుంది. నీటి కేంద్రాన్ని నిమిషాలలో నడపవచ్చు. అందువల్ల సాయంత్రం ఆరు నుండి పది గంటల వరకు ఉండే అధిక గిరాకీని తీర్చడానికి జలవిద్యుత్తును ప్రత్యేకంగా ఉపయోగిస్తారు. దీపాలు వెలిగే ఆ వేళే తరువాతి కాలంలో టెలివిజన్ వేళ కూడా అయింది.

4. టెలివిజన్: బడి నుండి ఇంటికి

తెలుగు పల్లెలకు టెలివిజన్ ఆటవస్తువుగా రాలేదు, పాఠంగా వచ్చింది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధన ప్రయోగంలో ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలు పాల్గొన్నాయి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. అమెరికా ఉపగ్రహం నుండి నేరుగా సంకేతాలు అందుకొనే గ్రామ సామూహిక టెలివిజన్ సెట్లను హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ సంస్థ తయారుచేసింది. ఒక సెట్టు ముందు ఊరంతా కూర్చొనేది. శక్తి వినియోగం దృష్టితో చూస్తే టెలివిజన్ చరిత్రలో అత్యంత పొదుపైన దశ అదే. వంద వాట్ల సెట్టును వందమంది చూస్తే మనిషికి ఒక్క వాటు. ఉత్తర కోస్తా జిల్లాలు ఆ ప్రయోగంలో లేవు.

1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం, 1982లో ఆసియా క్రీడల సందర్భంగా వర్ణ ప్రసారాలు, 1984లో దేశమంతటా ట్రాన్స్‌మిటర్ల విస్తరణ, 1987 జనవరిలో రామాయణం ధారావాహిక, 1995లో ఈటీవీ, జెమినీ వంటి తెలుగు ప్రైవేటు చానళ్లు. ఈ క్రమం సుపరిచితమే కాబట్టి వివరించనవసరం లేదు. ఈ క్రమంలో ఇంటి మీటరు మీద జరిగిన మార్పు మాత్రం అంత పరిచితం కాదు.

1980లలో మధ్యతరగతి ఇళ్లకు వచ్చిన 14 అంగుళాల నలుపు-తెలుపు పోర్టబుల్ సెట్టు సుమారు 30 వాట్లు వాడేది. వీటిలో చాలావాటిని 12 వోల్టుల బ్యాటరీతో నడిపే వీలుండేది. కరెంటు పోయిన ఆదివారం ఉదయం ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చి రామాయణం చూసిన ముచ్చట్లు తెలుగు పల్లెలలో ఇప్పటికీ వినిపిస్తాయి. వర్ణ టెలివిజన్ 21 అంగుళాల సెట్టు 80 వాట్ల దాకా వాడేది. వోల్టేజి హెచ్చుతగ్గుల భయంతో దాని పక్కన స్టెబిలైజర్ కూడా చేరింది. సెట్టు ఆపినా స్టెబిలైజర్ ఆపని ఇళ్లలో అది రాత్రంతా గుయ్యిమంటూ కొంత కరెంటు తింటూనే ఉండేది.

ఈ మార్పు ప్రభావాన్ని ఒక చిన్న ఇంటి లెక్కతో చూడవచ్చు. 60 వాట్ల బల్బులు రెండు రోజుకు ఐదు గంటలు, 70 వాట్ల ఫ్యాను పది గంటలు వాడే ఇంటికి నెలకు 39 యూనిట్లు కాలుతాయి. నలుపు-తెలుపు టెలివిజన్‌ను ఐదు గంటలు చూస్తే నాలుగున్నర యూనిట్లు అదనం, మొత్తం 43.5. అదే వర్ణ టెలివిజన్ అయితే 12 యూనిట్లు అదనం, మొత్తం 51. ఆంధ్రప్రదేశ్ గృహ విద్యుత్ చార్జీలలో తొలి శ్లాబు చాలాకాలం 50 యూనిట్లు. ఆ గీత దాటితే అదనపు యూనిట్ల ధర పెరుగుతుంది. అంటే రంగుల బొమ్మ ఒక్కటే పేద ఇంటిని శ్లాబు అంచు దాటించగలదు.

ఈ లెక్క కాగితం మీది ఊహ మాత్రమే కాదనడానికి 2000 సంవత్సరపు ఉద్యమమే సాక్ష్యం. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టంతో 1999 ఫిబ్రవరిలో విద్యుత్ మండలి రెండుగా చీలింది. తరువాత పంపిణీ సంస్థలు విడివడ్డాయి. ఉత్తర కోస్తా జిల్లాలు విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంత పంపిణీ సంస్థ కిందికి వచ్చాయి. 2000లో చార్జీలు పెరిగినప్పుడు రాష్ట్రమంతటా నిరసనలు చెలరేగాయి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పుల ఫలితంగా ముగ్గురు మరణించారు. ఆ ఉద్యమ చరిత్రలో వ్యవసాయ పంపుసెట్లకు, ప్రపంచ బ్యాంకు షరతులకు తగినంత చర్చ లభించింది. ఐదేళ్లలో చానళ్లు పెరిగి, నలుపు-తెలుపు సెట్లు రంగుల సెట్లుగా మారి, వీక్షణ గంటలు హెచ్చిన ఇళ్లమీద ఆ పెంపు పడిందనే అంశం మాత్రం చర్చకు రాలేదు. టెలివిజన్ విలాసమా, అవసరమా అనే ప్రశ్న తేలకముందే అది బిల్లులో నాలుగవ వంతుకు దగ్గరయింది. ఈ సంగతిని విస్మరిస్తే 2000 నాటి గృహ వినియోగదారుని ఆగ్రహంలో ఒక పార్శ్వం అర్థం కాదు.

చదునైన తెరలు వచ్చాక లెక్క మళ్లీ మారింది. 42 అంగుళాల ప్లాస్మా తెర 200 వాట్లకు మించి వాడింది. ఎల్‌ఈడీ కాంతితో వచ్చిన 32 అంగుళాల తెర 45 వాట్లతో సరిపెట్టుకొంది. రోజుకు ఐదు గంటలు చూస్తే పాత 21 అంగుళాల సెట్టుకు ఏడాదికి 146 యూనిట్లు, దీనికి 82 యూనిట్లు. సాంకేతికత ఆదా చేసిన ఈ 64 యూనిట్లను తెర వెడల్పు మళ్లీ మింగింది. 55 అంగుళాల తెర 110 వాట్లు వాడితే ఏడాదికి 200 యూనిట్లు దాటుతుంది. దీనికి సెట్‌టాప్ బాక్సు తోడవుతుంది. టెలివిజన్ ఆపినా ఆగకుండా 10 వాట్లు వాడే పెట్టె, ఎవరూ చూడని 19 గంటలలో, ఏడాదికి 69 యూనిట్లు కాల్చివేస్తుంది. చూసిన బొమ్మకు 82, చూడని బొమ్మకు 69 అన్నమాట.

5. ‘టీవీ గేమ్’ పెట్టె

తెలుగు ఇళ్లలో వీడియోగేమ్‌కు మొదట వచ్చిన పేరు ‘టీవీ గేమ్’. పేరులోనే అది టెలివిజన్‌కు అనుబంధమనే భావం ఉంది. 1977లో అమెరికాలో అటారీ, 1983లో జపానులో నింటెండో ఫ్యామికామ్ వచ్చాయి. భారతదేశపు మధ్యతరగతికి 1990లలో చేరినవి ఎక్కువగా ఫ్యామికామ్‌కు నకళ్లు. సమురాయ్, మీడియా వంటి పేర్లతో కాసెట్లతో సహా అమ్ముడయ్యాయి. వేసవి సెలవులలో గంటకు ఇంత అని అద్దె తీసుకొని ఆడించే వీడియోగేమ్ దుకాణాలు చిన్న పట్టణాలలో కూడా వెలిశాయి.

ఆ పెట్టెలకు 9 వోల్టుల అడాప్టరు సరిపోయేది. వాటి వినియోగం ఐదు వాట్లకు అటూ ఇటూ. అసలు ఖర్చు పక్కనున్న టెలివిజన్‌దే. అంటే తొలితరం వీడియోగేమ్ శక్తి చరిత్ర నిజానికి టెలివిజన్ శక్తి చరిత్రే. ఆట అనే కారణంతో తెర అదనంగా వెలిగిన గంటలే దాని ఖాతా. పిల్లలు ఆడితే ‘పిక్చర్ ట్యూబు పోతుంది’ అని పెద్దలు భయపడ్డారే గాని కరెంటు బిల్లు గురించి భయపడలేదు. భయం తప్పు చోట ఉన్నా, లెక్క ఒప్పే.

2000 తరువాత ఈ నిష్పత్తి తలకిందులైంది. ప్లేస్టేషన్ 2 ఆడేటప్పుడు సుమారు 30 వాట్లు వాడితే, 2006లో వచ్చిన తొలి ప్లేస్టేషన్ 3 దాదాపు 190 వాట్లు వాడింది. 2005 నాటి ఎక్స్‌బాక్స్ 360 కూడా దానికి దగ్గరే. అదే తరానికి చెందిన నింటెండో వీ మాత్రం 20 వాట్ల లోపు. అంటే ఆటలోని ఆనందానికీ, వాట్ల సంఖ్యకూ అనివార్య సంబంధం లేదు. తెరమీద ప్రతి గడ్డిపోచనూ నిజంలా చూపాలనే పోటీయే వాట్లను పెంచింది. పాత కొలతలో చెబితే, తొలి ప్లేస్టేషన్ 3 ముందు ఒక బాలుడు కూర్చొంటే అతని వెనుక ఇద్దరు ముగ్గురు తాడు లాగుతున్నట్లు.

ఈ పెట్టెలు వాడే విద్యుత్తు చివరికి వేడిగానే మారుతుంది. లోపలి ఫ్యాను ఆ వేడిని గదిలోకి నెడుతుంది. తరిమెన మీద రాపిడి వేడి లక్కను కరిగించి బొమ్మకు రంగవుతుంది. గేమ్ పెట్టె వేడి మాత్రం అనకాపల్లి వేసవిలో ఎవరికీ అక్కరలేనిది. దానిని బయటకు పంపడానికి మరొక ఫ్యాను, ఇంకా స్థోమత ఉంటే ఏసీ కావాలి.

అమెరికాలోని సహజవనరుల పరిరక్షణ మండలి 2008 నవంబరులో ప్రచురించిన నివేదిక ఈ విషయంలో మొదటి పెద్ద హెచ్చరిక. ఆ దేశంలోని గేమ్ పెట్టెలు ఏడాదికి సుమారు 1600 కోట్ల యూనిట్లు వాడుతున్నాయని, అది శాన్‌డియెగో నగరపు వార్షిక వినియోగానికి సమానమని ఆ నివేదిక అంచనా వేసింది. అందులో ముఖ్యమైన అంశం ఆట కాదు, ఆటలేమి. ఆట ముగించి తెర మాత్రమే ఆపి, పెట్టెను అలాగే వదిలేసే అలవాటును అది ఎత్తిచూపింది. 170 వాట్ల వద్ద ఏడాదంతా వదిలేసిన పెట్టె 1489 యూనిట్లు వాడుతుంది. రోజుకు రెండు గంటలు 190 వాట్ల వద్ద ఆడి పూర్తిగా ఆపివేస్తే 139 యూనిట్లే. పై లెక్కలోని బల్బులు, ఫ్యాను, వర్ణ టెలివిజన్ ఉన్న చిన్న ఇల్లు రెండేళ్ల నాలుగు నెలలకు పైగా వాడుకొనే విద్యుత్తును ఆ వదిలేసిన పెట్టె ఒక్క ఏడాదిలో ఖర్చు చేస్తుంది.

తరువాతి మార్పులలో కొన్ని మేలైనవి. 2009లో వచ్చిన పలుచని ప్లేస్టేషన్ 3, చిప్పుల పరిమాణం తగ్గడం వల్ల, పాతదానిలో సగానికి దగ్గరగా వాడింది. ఉపకరణాల నిద్రావస్థ వినియోగాన్ని ఒక వాటుకు తగ్గించాలనే ప్రతిపాదనను అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే చేపట్టింది. ఐరోపాలో 2015లో గేమ్ పెట్టెల తయారీదారులు స్వచ్ఛంద ఒప్పందానికి వచ్చారు. అయినా ప్లేస్టేషన్ 5 భారీ ఆటలలో 200 వాట్ల వద్దకు చేరింది. నింటెండో స్విచ్ టెలివిజన్‌కు జోడించి ఆడినా 15 వాట్లకు మించడం అరుదు. పాత విభజన అలాగే కొనసాగుతోంది.

పల్లెలలో ఈ ఖరీదైన పెట్టెల కన్నా మొబైల్ ఫోనే ప్రధాన క్రీడాసాధనమైంది. రోజూ ఒకసారి పూర్తిగా చార్జి చేసే ఫోను ఏడాదికి సుమారు 9 యూనిట్లు వాడుతుంది. ఇంటి మీటరు దృష్టితో ఇది తొంభైల నాటి సమురాయ్ పెట్టెకు తిరిగి వెళ్లినట్లే. అయితే ఆట నడిచే సర్వరు, దానికి మార్గమైన టవరు ఇంటి మీటరుకు కనిపించవు. తాడు లాగే రెండవ మనిషి ఇక్కడ మళ్లీ కనుమరుగయ్యాడు.

6. రెండు పట్టికలు

ప్రభుత్వ నిబంధనలు ఆటవస్తువును ఏ వర్గంలో చేర్చాయో చూస్తే సమాజం దేనిని ఆటగా, దేనిని పనిగా ఎంచిందో తెలుస్తుంది. 2001 నాటి ఇంధన సంరక్షణ చట్టం కింద 2002లో ఇంధన సామర్థ్య సంస్థ ఏర్పడింది. 2006లో నక్షత్ర చిహ్నాల పద్ధతి మొదలైంది. వర్ణ టెలివిజన్‌కు ఇప్పుడు ఆ చిహ్నం తప్పనిసరి. వీడియోగేమ్ పెట్టెకు లేదు. భద్రతా ప్రమాణాల విషయంలో మాత్రం 2012 నాటి ఎలక్ట్రానిక్స్ వస్తువుల నిర్బంధ నమోదు ఉత్తర్వు మొదటి జాబితాలోనే పెద్ద తెరల టెలివిజన్లను, వీడియో ఆటలను పక్కపక్కనే చేర్చింది. షాకు కొట్టకుండా చూడవలసిన వస్తువుగా గేమ్ పెట్టె ప్రభుత్వానికి కనిపించింది, కరెంటు తినే వస్తువుగా కనిపించలేదు. ఇది పెద్ద లోపమే. టెలివిజన్ మీద ఐదు నక్షత్రాలు చూసి కొన్న ఇంట్లో, దాని కింద అరలో ఉన్న పెట్టె తెరకన్నా రెట్టింపు వాడుతూ ఉండవచ్చు. కొనేవారికి తెలిసే మార్గం లేదు.

కర్రబొమ్మ దారి వేరు. రసాయన రంగులలోని సీసం వంటి లోహాల వల్ల ఏటికొప్పాక బొమ్మకు విదేశీ విపణిలో ఇబ్బంది ఎదురైన కాలంలో, సి.వి.రాజు పసుపు, నీలిమందు, జాఫ్రా, మంజిష్ఠ వంటి సహజ వర్ణాలను లక్కతో మేళవించే కృషి చేశారు. 2007లో చైనాలో తయారైన బొమ్మలను సీసపు రంగు కారణంగా అమెరికా కంపెనీలు లక్షల సంఖ్యలో వెనక్కు తీసుకొన్న సంఘటనతో ఈ కృషి విలువ మరింత స్పష్టమైంది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో రాజుకు పద్మశ్రీ లభించాయి. 2021 జనవరి 1 నుండి అమలైన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు విద్యుత్ బొమ్మలకు, విద్యుత్తు లేని బొమ్మలకు వేర్వేరు ప్రమాణాలు నిర్దేశించింది. భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు, నమోదైన హస్తకళాకారుల ఉత్పత్తులకు దాని నుండి మినహాయింపు లభించింది. ఆ మినహాయింపు లేకపోతే ప్రయోగశాల పరీక్షల ఖర్చు చిన్న కుటుంబాల మీద పడేది.

తరిమెన మోటారును విద్యుత్ చార్జీల పట్టిక మరొక కంటితో చూసింది. రాష్ట్ర చార్జీల పట్టికలో కుటీర పరిశ్రమలకు ప్రత్యేక వర్గం చాలాకాలంగా ఉంది. కాని ఇల్లే కార్ఖానా అయిన చోట, ఒకే కప్పు కింద ఏ వాటు గృహానిది, ఏ వాటు పరిశ్రమది అని విడదీయడం సులభం కాదు. మోటారు పని చేస్తున్నప్పుడు 400 వాట్లు తీసుకొంటుందని, రోజుకు ఆరు గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు నడుస్తుందని అనుకొంటే 720 యూనిట్లు. ఇది జీవనోపాధి. గృహ శ్లాబులో కలిస్తే ఇదే వినియోగం దుబారాగా కనిపించి, పై ధర పడుతుంది. మీటరుకు కళ్లు లేవు. 400 వాట్ల తరిమెనకు, 110 వాట్ల తెర, 200 వాట్ల గేమ్ పెట్టె కలిసిన 310 వాట్లకు అది పెద్ద భేదం చూపదు. ఆ భేదాన్ని చూపవలసినది పట్టికే.

ఒక లక్కపిడత ఆ మోటారు మీద పది నిమిషాలలో రూపొందుతుందనుకొంటే, దాని మీద ఖర్చయ్యే విద్యుత్తు యూనిట్‌లో పదిహేనవ వంతు. పై 310 వాట్ల జంట అంత విద్యుత్తును పదమూడు నిమిషాలలో వాడుతుంది. దేశ గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతోంది కాబట్టి, రెండింటి వాటా సుమారు 47 గ్రాములు. పదమూడు నిమిషాల తరువాత ఆట ఇంకా మిగిలే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. లక్కపిడత ఖాతా మాత్రం తరిమెన నుండి దిగిన క్షణానే మూసుకొంటుంది. ఆ తరువాత అది ఎన్ని బొమ్మలపెళ్లిళ్లకు వంట చేసినా అందులో కాలే కరెంటు లేదు.

2025 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతో సాగి, న్యాయనిర్ణేతల ఎంపికలో మూడవ స్థానం పొందింది. అంకుడు కర్ర బొమ్మను ఆ ఉదయం రాష్ట్రంలో అత్యధికులు చూసినది టెలివిజన్ తెరమీదనే.